రిటర్న్ ఫ్రీ అన్నారు, తలగడలు మాత్రం పెట్టెలో పట్టలేదు

ముందే చెప్పేస్తున్నా, ఇది తలగడల రివ్యూ అనుకుని వచ్చినోళ్ళకి తలగడల గురించి నాలుగు ముక్కలే దొరుకుతాయి, మిగతాదంతా వాటిని వెనక్కి పంపడానికి మేం ఇంటిల్లిపాదీ పడ్డ పాట్లు, అయిన ఖర్చు. సైట్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క సైట్ రోగం కాదు, పేరు మార్చి ఇంకో సైట్లో కొన్నా మీకు ఇదే జరగొచ్చు.

అమ్మకి మెడ పట్టేసి రెండు నెలలైంది. డాక్టర్ గారు చూసి తలగడ ఎత్తు తగ్గించండి, పల్చటిది వాడండి అన్నారు. సరే కదా అని ఫోన్లో వెతికితే ఆ రోజు నుంచి ఎటు చూసినా తలగడల యాడ్లే, యూట్యూబ్‌లో పాట పెట్టుకుంటే మధ్యలో తలగడ. ఆఖరికి ఒక కంపెనీ సొంత సైట్లో మెమరీ ఫోమ్ తలగడలు రెండు కలిపి 1,799, షిప్పింగ్ 99, మొత్తం 1,898 కట్టి ఆర్డర్ పెట్టేసా. వివరాల్లో మీడియం హైట్, 10 సెంటీమీటర్లు అని ఉంది. పైన పెద్దక్షరాలతో 30 రోజులు పడుకుని చూడండి, నచ్చకపోతే ఈజీ రిటర్న్ అని ఉంది. ఈజీ అన్న మాట గుర్తుపెట్టుకోండి, ఫ్రీ అన్నది కింద చిన్నక్షరాల్లో ఒక నక్షత్రం గుర్తుతో ఉంది, ఆ నక్షత్రం సంగతి తర్వాత.

పార్సెల్ నాలుగో రోజే వచ్చింది, డెలివరీ అబ్బాయి ఇంటి గుమ్మం దాకా తెచ్చిచ్చాడు, ఆ విషయంలో వంక పెట్టేదేం లేదు. పెట్టె చూస్తే చెప్పుల పెట్టెకి అన్నలా ఉంది, ఇందులో రెండు తలగడలేంటి, ఒకటే పంపారేమో అనుకున్నాం. తెరిస్తే రెండూ చాప చుట్టినట్టు చుట్టి, గాలంతా తీసేసి ప్లాస్టిక్ కవర్లో బిగించి ఉన్నాయి. కత్తెరతో కవర్ కొయ్యగానే బుస్సుమని గాలి పీల్చుకుని లేచాయండి, పూరీ పొంగినట్టు. మా తమ్ముడి కూతురైతే చప్పట్లు కొట్టింది. అప్పుడు మాకూ ముచ్చటేసింది. ఇవి మళ్ళీ ఆ పెట్టెలోకి ఎలా వెళ్తాయి అన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు, అసలు మొత్తం కథ అక్కడే ఉంది.

తలగడ సంగతి క్లుప్తంగా: కవర్ బాగుంది, జిప్ తీసి ఉతుక్కోవచ్చు, రెండ్రోజులు రబ్బరు వాసన వచ్చింది తర్వాత పోయింది, మెత్తగానే ఉంది. కానీ ఎత్తు. అమ్మ మూడు రాత్రులు పడుకుని నాలుగో రోజు పొద్దున మెడ పూర్తిగా ఒక పక్కకే తిప్పగలుగుతోంది. నాన్న ఒక రాత్రి వేసుకుని చూసి, ఇది తలగడ కాదురా చేను గట్టు అన్నారు. రిటర్న్ పెట్టేద్దాం, ఎలాగూ 30 రోజులున్నాయి అని నేను ధీమాగా చెప్పా.

ఆర్డర్ పేజీలో రిటర్న్ నొక్కితే కారణం ఎంచుకోమంది. నచ్చలేదు, డ్యామేజ్ అయి వచ్చింది, వేరే వస్తువు వచ్చింది, వివరాల్లో చెప్పినట్టు లేదు, ఇలా ఒక ఐదారు ఉన్నాయి. నేను నిజాయితీగా నచ్చలేదు అని టిక్ పెట్టా. మా తమ్ముడు పక్కనుంచి డ్యామేజ్ అని పెట్టు అన్నయ్యా, వాళ్ళే చచ్చినట్టు పట్టుకెళ్తారు అన్నాడు, అబద్ధం ఎందుకులే అన్నా. అబద్ధం ఆడక్కర్లేకుండానే సరైన కారణం ఆ లిస్టులో ఇంకోటుందని అప్పటికి నాకు తెలీదు. ఈ టిక్ ఒక్కసారి పెట్టాక మార్చడం కుదర్లేదు, చాట్‌లో ఎంత బతిమాలినా రీజన్ లాక్ అయిపోయింది సర్ అనే సమాధానమే.

టిక్ పెట్టాక వచ్చిన మెసేజ్: మీ పిన్‌కోడ్‌కి పికప్ సౌకర్యం లేదు, దయచేసి సెల్ఫ్ షిప్ చెయ్యండి.

మాది అమలాపురం పక్కన ఊరు, 533తో మొదలయ్యే పిన్. తెచ్చి ఇవ్వడానికి పనికొచ్చిన పిన్‌కోడ్ పట్టుకెళ్ళడానికి ఎందుకు పనికిరాలేదు అని చాట్‌లో అడిగితే, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని మూడుసార్లు చింతించారు తప్ప కారణం చెప్పలేదు. కారణం నాకు తర్వాత కొరియర్ ఆఫీసు కుర్రాడు చెప్పాడు. డెలివరీకైతే ఒక రూట్లో బోలెడు పార్సెళ్ళు ఒకేసారి సంచిలో వేసుకుని బయల్దేరతారు కాబట్టి ఒక్కోదానికి పడే ఖర్చు తక్కువ, రిటర్న్ అయితే వారానికి ఒకటి ఎక్కడో మూల ఊర్లో ఉంటుంది, దానికోసం ప్రత్యేకంగా రావాలి, వస్తువు చూసి ఫోటో తీసి చెక్ చెయ్యాలి, ఆ డబ్బులు అమ్మినవాడు కట్టాలి. అందుకని చాలామంది అమ్మేవాళ్ళు పట్నాలకే రివర్స్ పికప్ పెట్టుకుని మిగతా పిన్‌కోడ్లని వదిలేస్తారట. సబబుగానే ఉంది, వ్యాపారం కదా. మరి ఆ ముక్క కొనేముందే చెప్పొచ్చుగా? పిన్‌కోడ్ కొట్టగానే మంగళవారం లోపు డెలివరీ అని ఆకుపచ్చ రంగులో చూపించే పెట్టెలోనే, రిటర్న్ మాత్రం మీరే పంపుకోవాలి అని ఎర్ర రంగులో ఒక లైను పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

సరే అప్పుడు ఆ నక్షత్రం వెంటపడి పాలసీ పేజీ మొత్తం చదివా. ఫ్రీ రిటర్న్ అనేది పికప్ ఉన్న పిన్‌కోడ్లకే. లేనివాళ్ళు సొంత ఖర్చుతో పంపి బిల్లు ఫోటో పెడితే గరిష్ఠంగా 150 రూపాయలు ఇస్తారు. మొదట కట్టిన షిప్పింగ్ 99 వెనక్కి రాదు. వస్తువు ఒరిజినల్ ప్యాకింగ్‌లోనే ఉండాలి. ఈ ఆఖరి లైను చదివి నాకు కోపం బదులు నవ్వొచ్చింది. గాలి తీసి మెషీన్లో నొక్కి చుట్టిన వస్తువు, కవర్ కోస్తే గానీ వాడలేని వస్తువు, వాడితే గానీ నచ్చిందో లేదో తెలియని వస్తువు, దాన్ని ఒరిజినల్ ప్యాకింగ్‌లో పెట్టి పంపమంటే మనింట్లో ఫ్యాక్టరీ ఉండాలి. చాట్‌లో అడిగితే ఏదైనా గట్టి ప్యాకింగ్ ఓకే సర్ అన్నారు, ఆ మాట వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా, మంచి పని చేసా.

మర్నాడు రెండు తలగడలూ టీవీ వచ్చిన పాత అట్టపెట్టెని కోసి సరిచేసి అందులో పెట్టి, బండి వెనక తమ్ముణ్ణి కూర్చోబెట్టి అమలాపురం కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్ళా. ఇంట్లో తూకం వేస్తే 2 కేజీల 300 గ్రాములు. పంపాల్సింది ఢిల్లీ పక్క గోడౌన్‌కి. కేజీకి 85 అన్నాడు, మూడు కేజీలకి లెక్కేసినా 255, జీఎస్టీతో కలిపి మూడొందలు, పర్లేదులే 150 వాళ్ళిస్తారుగా అని మనసులో లెక్క కట్టేసుకున్నా. కుర్రాడు తూకం వైపు చూడనే లేదండి, టేపు తీసాడు. పొడుగు 60, వెడల్పు 40, ఎత్తు 25. కాలిక్యులేటర్ టకటకా కొట్టి 12 కేజీలు సర్ అన్నాడు.

పన్నెండు కేజీలేంటి బాబూ, చిటికెన వేలితో లేపొచ్చు అంటే, బరువుకి కాదండీ చోటుకండీ అన్నాడు. సెంటీమీటర్లలో పొడుగు, వెడల్పు, ఎత్తు గుణించి 5000 తో భాగిస్తే వచ్చేది వాల్యూమెట్రిక్ వెయిట్, అసలు బరువు, ఇది, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. 60 ఇంటూ 40 ఇంటూ 25 అంటే 60,000, బై 5000 అంటే 12. కేజీకి 85 చొప్పున 1,020, దానిమీద 18 శాతం జీఎస్టీ 183.60, వెరసి 1,203.60. పద్దెనిమిది వందల తలగడలు వెనక్కి పంపడానికి పన్నెండొందలు! తమ్ముడు నా మొహం చూస్తున్నాడు, నేను టేపు చూస్తున్నా.

మొదట మోసం అనుకున్నా గానీ బయటికొచ్చి టీ తాగుతూ ఆలోచిస్తే మనకి తెలియని సంగతేం కాదిది. కోనసీమలో కొబ్బరి పీచు లారీ చూడనివాడెవడు? తాళ్ళు కట్టి, రోడ్డుకి రెండు పక్కలా పొంగిపోయి, ఏనుగులా ఊగుతూ వెళ్తుంది, తూకం వేస్తే బరువేముంటుంది, కానీ లారీవాడు పీచు తేలికే కదా అని కిరాయి తగ్గిస్తాడా, బండి నిండింది కాబట్టి బండి కిరాయి అడుగుతాడు. కొరియర్ లెక్క కూడా అంతే. వాళ్ళ వ్యాన్లో నా తలగడల వల్ల ఎన్ని చిన్న పార్సెళ్ళకి చోటు పోతోందో దానికి డబ్బు. కాబట్టి కొరియర్ మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా ఏంటంటే, ఇదే లెక్క తెలుసు కాబట్టే కదా కంపెనీ వాడు గాలి తీసి చుట్టి చిన్న పెట్టెలో పంపింది! పంపేటప్పుడు వాడికి చిన్న పెట్టె, తిరిగి పంపేటప్పుడు మనకి పెద్ద పెట్టె. పైగా రీయింబర్స్‌మెంట్ 150 దగ్గర కట్. పాలసీ రాసినాయనకి ఈ తేడా తెలియకుండా ఉంటుందని నేనైతే నమ్మను.

ఆ రోజు పార్సెల్ ఇవ్వకుండా ఇంటికి తిరిగొచ్చేసాం. ఇప్పుడు సమస్య ఎత్తు తగ్గించడం. పెద్ద ప్లాస్టిక్ కవర్లో ఒక్కో తలగడ దూర్చి నాన్న దానిమీద కూర్చున్నారు, నేను మడిచి నొక్కి పెడితే తమ్ముడు టేపు చుట్టాలి. మొదటిసారి నాన్న లేవగానే టేపు ఫటక్‌మని ఊడి తలగడ లేచి కూర్చుంది, మా తమ్ముడి కూతురు మళ్ళీ చప్పట్లు. రెండోసారి నాన్నతో పాటు నేనూ కూర్చున్నా. మూడోసారికి కుదిరింది, వెంటనే పురికొసతో నాలుగు చుట్లు బిగించి కట్టి, అమ్మ పాత దుప్పటి ముక్కలో పెట్టి దబ్బనంతో కుట్టేసింది. మెడనొప్పితోనే కుట్టింది పాపం. చిన్నప్పుడు హైదరాబాద్‌లో చదువుకునే మావయ్యకి సున్నుండలు, ఆవకాయ పంపాలంటే అమ్మమ్మ ఇలాగే తెల్లగుడ్డలో కుట్టి, పైన లక్కతో సీలు వేయించి పోస్టాఫీసులో ఇచ్చేదట, ఆ కుట్టు ఇప్పుడు పనికొచ్చిందని అమ్మ ఒకటే మురిసిపోవడం. కొలిస్తే 50, 30, 16. అంటే 24,000, బై 5000, 4.8, రౌండు చేసి ఐదు కేజీలు. 425, జీఎస్టీతో 501.50. ఒక సాయంత్రం ముగ్గురు మనుషులు తలగడ మీద కూర్చున్నందుకు 702 రూపాయల పది పైసలు మిగిలాయి, మా ఊళ్ళో అంత కూలి ఎక్కడా రాదు.

కొరియర్ బిల్లు సంగతి ఒకటి చెప్పాలి. ఆ పల్చటి కాగితం మీద వచ్చే ప్రింటు తొందరగా వెలిసిపోవచ్చు, రిఫండ్ గొడవ మాత్రం నెల నడుస్తుంది. కౌంటర్ దగ్గరే ఫోటో తియ్యండి. పార్సెల్ మూసే ముందు వస్తువు, మూసాక పార్సెల్, అడ్రస్ లేబుల్, తూకం మీద ఉన్నప్పటి అంకె, అన్నీ ఫోటోలు తీసా, లోపల ఆర్డర్ నంబర్ రాసిన చీటీ కూడా పెట్టా. చీటీ లేకుండా వెళ్ళిన పార్సెల్ గోడౌన్లో ఎవరిదో తెలీక మూలన పడుంటుందని కొరియర్ కుర్రాడే చెప్పాడు. మంచి కుర్రాడు, ఈ మొత్తం వ్యవహారంలో నిజం దాచకుండా మాట్లాడింది అతనొక్కడే.

ఇక అసలు ట్విస్ట్. ఇంటికొచ్చి ఆ టేపు కొలతలు మళ్ళీ చూసుకుంటుంటే వెలిగింది. రెండు తలగడలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎత్తు 25, నొక్కకుండా, పైన ఖాళీ లేకుండా. అంటే ఒక్కోటి పన్నెండున్నర. వాళ్ళు సైట్లో రాసింది 10! రెండున్నర సెంటీమీటర్లు మెడ కింద అంటే చిన్న తేడా కాదు, అమ్మని అడగండి చెప్తుంది. అంటే నేను టిక్ పెట్టాల్సింది నచ్చలేదు కాదు, వివరాల్లో చెప్పినట్టు లేదు. ఈ రెండు టిక్కుల మధ్య తేడా ఏంటనేది నేను కాస్త చదివి తెలుసుకున్నా, అది చెప్తా, ఎందుకంటే డబ్బులు అక్కడే ఉన్నాయి.

మన దేశంలో ఆన్‌లైన్లో కొన్నది ఊరికే నచ్చలేదని వెనక్కిచ్చే హక్కు చట్టంలో అందరికీ ఒకేలా ఏం లేదు, అది ఆ షాపు పాలసీని బట్టే. వాళ్ళు ఇస్తామంటే ఇచ్చినట్టు, ఖర్చు మీదే అంటే మీదే. కానీ వస్తువు పాడై ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోం అనడానికి అమ్మినవాడికి వీల్లేదు, 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్‌లో ఉంది ఇది. రిటర్న్ పంపే ఖర్చు ఎంత, ఎవరిది అనే సమాచారం కూడా అమ్మేవాడు సరిగ్గా చూపించాలని అందులోనే ఉంది. ప్రతి సైటూ గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే ఆయన పేరు, వివరాలు పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. ఇవేవీ తేలకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. నేనేం లాయర్ని కాదు గానీ ఈ మాత్రం తెలిసుంటే చాట్‌లో బతిమాలే ధోరణి మానేసి కాస్త నిలబడి మాట్లాడొచ్చు. అన్నట్టు కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్లో మాత్రం వెతక్కండి, మా ఊళ్ళో ఒకాయన అలా దొరికిన నంబర్‌కి ఫోన్ చేస్తే రిఫండ్ వెయ్యడానికి యూపీఐ పిన్ కొట్టమన్నారట. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే పోవడమే.

కాబట్టి కారణం టిక్ పెట్టే ముందు టేపు తియ్యండి. చొక్కా అయితే ఛాతీ కొలత, గిన్నె అయితే లీటర్లు, తలగడైతే ఎత్తు, సైట్లో ఏం రాసారో దానితో పోల్చండి. తేడా ఉంటే ఫోటో తీసి ఆ కారణమే పెట్టండి. తేడా లేకపోతే అబద్ధం ఆడకండి, గోడౌన్లో తెరిచి చూస్తారు, రిజెక్ట్ చేసి మళ్ళీ మీకే పంపిస్తే అదో తలనొప్పి.

దీనికి ముందు నేను చేసిన రిటర్న్‌లు రెండున్నాయి, పోల్చి చూసుకోవడానికి చెప్తున్నా. ఒకటి పెద్ద యాప్‌లో కొన్న చెప్పులు, సైజు బిగుతు. అబ్బాయి వచ్చాడు, పెట్టె తెరిచి ట్యాగ్ చూసాడు, కవర్లో వేసుకుని వెళ్ళిపోయాడు, మూడో రోజు డబ్బులు అకౌంట్లో పడ్డాయి, నా జేబులోంచి పైసా పోలేదు. అలాగని అది గాల్లోంచి వచ్చిన ఫ్రీ కాదు, అందరి ధరల్లో తలా కాస్త కలిపేసి ఉంటుంది. కొన్ని యాప్స్‌లో ఒకే వస్తువుకి రెండు ధరలు కనిపిస్తాయి, ఏ కారణానికైనా రిటర్న్ కావాలంటే ఒకటి, తేడా వస్తువు వస్తేనే రిటర్న్ అంటే కాస్త తక్కువ ఇంకోటి. నాకైతే ఈ పద్ధతే నిక్కచ్చిగా అనిపించింది, రిటర్న్ అనేది ఊరికే రాదు, దానికీ ఒక రేటుంది అని మొహం మీదే చెప్తున్నాడు. మనం తక్కువ ధర నొక్కేసి తర్వాత రిటర్న్ ఆప్షన్ ఏదీ అని వెతుక్కుంటాం, అది మన తప్పు.

రెండోది ఫోన్లో లైవ్ వీడియో చూసి మా ఆవిడ కొన్న మంగళగిరి చీర. వీడియోలో నెమలికంఠం రంగు, ఇంటికొచ్చాక సిమెంటు రంగు. అమ్మిన ఆవిడ లైట్ల కింద అలా కనపడిందమ్మా, మార్చి ఇస్తాను కానీ పంపే ఖర్చు మీదే, నేను మళ్ళీ పంపే ఖర్చూ మీదే అంది. ఒప్పుకున్నాం, ముందే చెప్పింది కాబట్టి. చీరకి ఈ చోటు గొడవ లేదండి, మడత పెడితే పుస్తకమంత, అసలు బరువే లెక్క. స్పీడ్ పోస్టులో వేసాం, కౌంటర్లో పది నిమిషాల పని, E తో మొదలై IN తో ముగిసే, అక్షరాలూ అంకెలూ కలిపి 13 ఉండే ట్రాకింగ్ నంబర్ ఇచ్చారు, ఆ నంబర్ అమ్మిన ఆవిడకి వాట్సాప్ చేస్తే చేరేదాకా ఆవిడే చూసుకుంది. చీరలు, బట్టలు, పుస్తకాలు, ఇలాంటి చదునైనవాటికి నా ఓటు పోస్టాఫీసుకే. ఎంతవుతుందో ఇండియా పోస్ట్ సైట్లో రెండు పిన్‌కోడ్లూ బరువూ కొట్టి ముందే చూసుకోవచ్చు కూడా. ఆర్టీసీ కార్గో గురించి అడిగారు ఒకరిద్దరు, మన రాష్ట్రం లోపల ఎవరైనా బస్టాండుకొచ్చి తీసుకునేవాళ్ళుంటే భేషుగ్గా ఉంటుంది, ఢిల్లీ పక్క గోడౌన్‌కి అది దారి కాదు.

మా పెద్దమ్మ కూతురు లెస్టర్‌లో ఉంటుంది, ఈ కథంతా వీడియో కాల్‌లో చెప్తే అక్కడా ఇంతేరా అంది. నేను నమ్మలేదు, ఇంగ్లండ్‌లో అన్నీ ఫ్రీ రిటర్నే అనుకునేవాణ్ణి. వాళ్ళకి ఆన్‌లైన్లో కొన్నవాటికి కారణం చెప్పక్కర్లేకుండా వస్తువు అందిన 14 రోజుల్లో వద్దని చెప్పే హక్కు 2013 నాటి రూల్స్‌లో ఉంది, చెప్పాక పంపడానికి ఇంకో 14 రోజులు. మొదట కట్టిన మామూలు డెలివరీ చార్జీ కూడా వెనక్కివ్వాలి, మనకి 99 పోయింది చూడండి, అక్కడైతే అది పోదు. కానీ తిరిగి పంపే పోస్టేజీ మాత్రం కొన్నవాళ్ళదే, షాపు భరిస్తానంటే తప్ప, లేదా ఖర్చు మీదేనని ముందు చెప్పకపోతే తప్ప. ఈ రెండోది నాకు భలే నచ్చింది, చెప్పకపోతే నువ్వే కట్టుకో అని షాపుకే చుట్టారు. వస్తువులోనే లోపముంటే మాత్రం ఖర్చు షాపుదే. పెట్టె సైజు బాధ అక్కడా ఉంది, వాళ్ళ పోస్టు, అదే రాయల్ మెయిల్‌లో 45, 35, 16 సెంటీమీటర్ల లోపు, రెండు కేజీల లోపు ఉంటే చిన్న పార్సెల్, అది దాటితే మీడియం రేటు. ఇంకా రెండున్నర సెంటీమీటర్ల మందం లోపు, 750 గ్రాముల లోపు ఉంటే పార్సెలే కాదు, పెద్ద ఉత్తరం కింద వెళ్ళిపోతుందట. అందుకని అక్క కుర్తీ వెనక్కి పంపాలంటే ఇస్త్రీ చేసి మరీ పల్చగా మడుస్తుంది. మేం తలగడ మీద కూర్చున్నట్టే.

ఇక మా డబ్బుల సంగతి. పార్సెల్ ఆరో రోజుకి గోడౌన్ చేరింది, చేరాక తొమ్మిది రోజులకి 1,799 కార్డులోకి వచ్చింది. ముందు వాళ్ళ సైట్ వాలెట్‌లో వేస్తాం అన్నారు, వద్దు, కట్టిన చోటికే వెయ్యమని రాసా. కొరియర్‌కి 501.50, పోయిన షిప్పింగ్ 99, కలిపితే 600 రూపాయల 50 పైసలు, అంటే వెనక్కి పంపేసిన తలగడలకి ధరలో మూడో వంతు నేను కట్టినట్టు, ఆ 150 ఇంకా రాలేదు. బండి పెట్రోలు, టేపు, నాన్న నడుం నొప్పి లెక్కలో వెయ్యలేదు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి సైట్లో రాసిన 10, టేపు మీద 25, రెండు ఫోటోలూ పెట్టి మెయిల్ చేసా, ఎత్తు తేడా ఉంది కాబట్టి కొరియర్ ఖర్చు మొత్తం, మొదటి షిప్పింగ్‌తో సహా ఇవ్వండని. మర్నాడే అందిందని జవాబు వచ్చింది, అది ఒప్పుకోవాలి. ఫోమ్ గాలి తగిలాక రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది సర్ అన్నారు. అటు అవ్వడమే తప్ప ఇటు ఎప్పుడైనా అవుతుందా అని అడిగా, దానికింకా జవాబు లేదు.

అమ్మ మెడ సంగతి అడుగుతున్నారు కాబట్టి, అటక మీద బూరుగు దూది తలగడ పాతది ఉంటే దించి, వీధిలో దూది ఏకే ఆయన వస్తే సగం దూది తీసేయించి పల్చగా కుట్టించాం. బాగోకపోతే ఏంటి అనడిగితే, ఎల్లుండి ఇటే వస్తా కదమ్మా, పిలవండి అన్నాడు. పికప్ ఉంది, పిన్‌కోడ్ అడగలేదు.

రేటింగ్ అంటే, తలగడకి 3 (ఎత్తు తలగడ ఇష్టమైనోళ్ళకి 4), డెలివరీకి 5, రిటర్న్‌కి 1, ఆ ఒకటి కూడా కట్టిన చోటికే డబ్బు వేసినందుకు. మీకు పట్నం పిన్‌కోడ్ ఉండి పికప్ ఉంటే మీ అనుభవం వేరేగా ఉండొచ్చు, కొనండి. మాలాంటి ఊళ్ళవాళ్ళు కొనేముందు చాట్‌లో ఒకే ప్రశ్న అడగండి, నా పిన్‌కోడ్‌కి పికప్ ఉందా, లేకపోతే మీరిచ్చే గరిష్ఠ మొత్తం ఎంత అని, జవాబు స్క్రీన్‌షాట్ తియ్యండి. వస్తువు గాలి తీసి వచ్చేదైతే, పరుపులు, తలగడలు, బొంతలు, పిల్లల పెద్ద బొమ్మలు, విప్పాక ఎంతవుతుందో ఆ కొలతలు సైట్లోనే ఉంటాయి, గుణించి 5000 తో భాగించి చూడండి, కార్ట్‌లో ఉన్నది అప్పుడు ఇంకోలా కనిపిస్తుంది.

అప్‌డేట్: గ్రీవెన్స్ నుంచి మెయిల్ వచ్చింది. ఎత్తు విషయంలో మీ అభిప్రాయాన్ని టీమ్‌కి చేరవేసాం అంట. 150 మాత్రం శాంక్షన్ చేసారు, డబ్బుగా కాదు కూపన్‌గా, వాళ్ళ సైట్లోనే 999 పైన కొంటే, మూడు నెలల్లోపు. తమ్ముడు బొంత కొందామంటున్నాడు. నేను 1915 కి ఫోన్ కలిపా, లైన్లో ఉన్నా.